పంటు వేళకే ప్రయాణము

తీరాంధ్రమున ఒంగోలు మొదలు కాకినాడ వరకు, సముద్రపు గాలి తగులునంత దూరములోనే కారు నడుపుకొనుచు పోవలెనని సంకల్పించిన గృహస్థుడు ముందుగా తేల్చుకొనవలసినది ఏ తెల్లవారుజామున ఇల్లు కదలవలెనన్నది కాదు. ఏ నాడు, ఏ వేళకు, ఏ రేవున పంటు ఎక్కవలెనన్నది. ఆ ఒక్క ముహూర్తము కుదిరినదా, తక్కిన మజిలీలన్నియు దానికి ముందు కొన్ని, వెనుక కొన్నిగా తమంతట తామే అమరును. అది కుదరలేదా, ఎంత శ్రద్ధతో వ్రాసికొన్న పట్టికయైనను ఏటి ఒడ్డున గంటలకొలది నిలిచిపోవును.

అసలు ఈ దారిలో పంటు ఎక్కవలసిన అగత్యమేమి యని చదువరి అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 216వ నంబరు జాతీయ రహదారి ఒంగోలున మొదలై చీరాల, బాపట్ల, రేపల్లె, మచిలీపట్నము, నరసాపురము, రాజోలు, అమలాపురము, యానాము, కాకినాడల మీదుగా కత్తిపూడి చేరును. పెనుమూడి పులిగడ్డల నడుమ కృష్ణకు వంతెన యున్నది. లోసరి వద్ద ఉప్పుటేరుకు వంతెన యున్నది. చించినాడ వద్ద వసిష్ఠకు, బోడసకుర్రు వద్ద వైనతేయకు, ఎదుర్లంక వద్ద గౌతమికి వంతెనలున్నవి. చక్రమునకు తడి తగులకుండ ఈ దారినంతయు గడపవచ్చును. కాలమే ప్రధానమనుకొన్నవారు అట్లే గడపుచున్నారు. వారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు.

అయినను నరసాపురమునుండి అంతర్వేదికి పోదలచినవానికి ఈ వంతెనల దారి మిక్కిలి చుట్టుగా తోచును. నరసాపురము వద్ద మాధవాయిపాలెము రేవులో నిలిచి చూచినచో ఎదుటి గట్టున సఖినేటిపల్లి కొబ్బరితోటలు స్పష్టముగా కనబడుచుండును. అచ్చటికి వంతెన మీదుగా పోవలెనన్న ఉత్తరమునకు మరలి, దిగమర్రు దాటి, చించినాడ వద్ద నది నతిక్రమించి, మలికిపురము మీదుగా మరల దక్షిణమునకు దిగి రావలెను. పంటుమీద కొలది నిమిషములలో తీరు పని అది. ఇట్లే అమలాపురము వైపునుండి ద్రాక్షారామమునకు పోవువారికి ముక్తేశ్వరము రేవున గౌతమిని దాటి కోటిపల్లిలో దిగుట సూటియైన త్రోవ. కావున ఈ యాత్రలో నేను చెప్పదలచిన రేవులు రెండు: వసిష్ఠపై ఒకటి, గౌతమిపై ఒకటి. ఈ రెంటి నడుమనున్న భూమియే కోనసీమ.

ఈ భూమి స్వరూపము తెలియనిదే రేవుల స్వభావము తెలియదు. నాసికకు సమీపమున త్ర్యంబకము వద్ద పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చు గోదావరి, ధవళేశ్వరము దాటినంతనే గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండు పాయలై చీలును. వసిష్ఠనుండి గన్నవరము వద్ద వైనతేయ వేరుపడును. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట ఆరంభించి 1852 నాటికి ముగించినదాదిగా ఈ పాయల నడుమ కాలువలు పారి, లంకలు తోటలైనవి. గన్నవరము వద్ద ఆ కాలువ ఒకటి అక్విడెక్టు మీద వైనతేయ నెక్కి దాటిపోవు దృశ్యము, క్రింద ఏరు, పైన కాలువగా, ఇంజనీరింగు విద్యార్థులకే కాక ఎల్లరకును చూడదగినది. నేటి అక్విడెక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. 1909లో పరమపదించిన ఆ యిల్లాలు ఇదే గన్నవరమున, రేవు దాటి వచ్చిన బాటసారులకు వేళ కాని వేళయందును అన్నము పెట్టినది. ఏటి దారిలో ప్రయాణము వేసికొనుటయన్న ఆ కాలమున ఇట్టి యిండ్లు ఎచ్చట నున్నవో తెలిసికొనుటయే.

ప్రయాణమును ముందుగా ఆలోచించి, జరిగినది జరిగినట్లు వ్రాసిపెట్టుటలో మన భాషకు మార్గదర్శి ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1830లో చెన్నపట్టణమునుండి పెద్ద పరివారముతో కాశికి బయలుదేరి, మరుసటి సంవత్సరము తిరిగి వచ్చిన ఆయన, కాశీయాత్ర చరిత్రలో ఏ ఊరికి ఏ ఊరెంత దూరమో, మజిలీలో ఏ వస్తువు దొరకునో, ఏ నది ఎట్లు దాటవలెనో దినచర్యగా పొందుపరచినారు. అట్టి గ్రంథములో నేటి ప్రయాణికుడు నేర్వదగిన ప్రధాన విషయ మొకటున్నది: దారి కొలతకంటె దాటవలసిన నీటి స్థితి ముఖ్యము. దూరము ఎప్పుడును ఒక్కటే. నీరు ఏ రెండు వేళలయందును ఒక్కటి కాదు.

నీటి స్థితిని నిర్ణయించునవి ఇచ్చట రెండు. ఒకటి సముద్రము, రెండవది వరద.

సఖినేటిపల్లి రేవు సముద్రమునకు దూరమైనది కాదు; అంతర్వేది వద్ద వసిష్ఠ కడలిలో కలియుచున్నది కనుక ఆ పోటు, ఆ పాటు ఈ రేవువరకును వచ్చును. దినమునకు రెండు మారులు పోటు, రెండు మారులు పాటు. ఒకనాటి పోటు మరునాటికి ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యా పూర్ణిమలనాడు పోటు హెచ్చు, పాటు లోతు. అష్టమి ప్రాంతమున రెండును మందములు. పోటు మీదనున్నప్పుడు పంటు గట్టున కానుకొని నిలుచును, కారు సమతలముగా ఎక్కును. పాటువేళ నీరు వెనుకకు తగ్గి ఒడ్డున బురద బయటపడును. పంటు దిగువన నిలుచును. ఎక్కుడు చెక్కల వాలు నిటారగును. నేలకు దగ్గరగా కూర్చుండు కారు అడుగుభాగము ఆ చెక్కల అంచున రాచుకొనును. కావున ఇంట గోడకు వ్రేలాడు పంచాంగమే ఈ యాత్రకు మొదటి సాధనము. అష్టమీ నవములు ప్రయాణమునకు కూడవని పెద్దలు చెప్పుదురు. ఆ నమ్మకమును నేను కాదనను. కాని రేవు దాటుట మాత్రమే ఆలోచించినచో, నీరు శాంతముగా నుండు ఆ తిథులే కారు గలవానికి అనుకూలములు. ఆ తిథులను వర్జించువారు పోటు నిండిన గడియను రేవువారి నడిగి తెలిసికొని, ఆ గడియకు ముందే చేరుట మంచిది.

వరద మాట వేరు. దానితో బేరము లేదు. ఆషాఢమునుండి భాద్రపదమువరకు ఎగువ వానలకు గోదావరి ఎఱ్ఱనీరు దిగును. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరగానే అచ్చట మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. ధవళేశ్వరము వద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, అనగా నది ఇంచుమించు 10 లక్షల క్యూసెక్కుల నీటిని కడలిలోనికి విడుచుచున్నదన్నమాట, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. వార్తలలో భద్రాచలము అంకె వినినంతనే కోనసీమ రైతు లంకలోని పశువులను గట్టుకు తోలుకొనుటకు సిద్ధపడును. ఆ నీరు తన యేటిలోనికి దిగుటకు ఒకటి రెండు నాళ్ళు పట్టునని అతనికి తెలియును. యాత్రికుడును ఆ అంకెనే పట్టి తన ప్రయాణమును మరియొక పక్షమునకు నెట్టుకొనవలెను. పంటు కట్టివేసినతరువాత రేవులో నిలిచి సరంగును బతిమాలుట తగదు. ఆతడు ఒప్పుకొనినను ఎక్కుట తగదు. 1986 ఆగస్టు వరదను చూచిన వృద్ధులు నేటికిని ఆ గట్టున నున్నారు. వారు చెప్పు సంగతులు వినినవాడు ఏటితో పంతములాడడు.

విచారింపదగిన విషయమేమనగా, ఎఱ్ఱనీటి కాలమే పులస కాలము. సముద్రమునుండి ఏటి కెదురీదుచు వచ్చు ఆ మత్స్యము కొఱకై దూరదేశములనుండి బంధువులు రాజోలు, నరసాపురములకు దిగుదురు. పులస తిననెంచినవాడు వంతెన దారినే పోవలెను. పంటు ఎక్కనెంచినవాడు పులసను విడువవలెను. రెండును ఒక్క యాత్రలో సాధింపవలెనను ఆశ చాలమంది పట్టికలను పాడుచేసినది. ఇక ఆశ్వయుజ కార్తికములు తుపానుల మాసములు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను కూల్చిన గాలివాన ఆశ్వయుజమాసపుదే. ఆ నెలలలో రాదలచినవారు వాతావరణ శాఖ ప్రకటనలు నిత్యము చూచుకొనుచుండవలెను.

కాగా నా యభిప్రాయమున పుష్యము నడిమినుండి ఫాల్గుణాంతమువరకు ఉత్తమ కాలము. వరద లేదు, తుపాను లేదు, ఎండ ముదరలేదు. ఉదయపు పొగమంచు ఒక్కటే ఆటంకము: పుష్యమాఘములలో ఎదుటి గట్టు కానరానంతగా మంచు కప్పును, అది విడువక పంటు కదలదు. కనుక ఈ మాసములలో మొదటి పంటును నమ్ముకొని పట్టిక వేయరాదు; ప్రొద్దెక్కిన తరువాతి పంటును లెక్కించుకొనవలెను. ఎండకాలమున వచ్చువారికి కోటిపల్లి వద్ద మరియొక సంగతి యెదురగును. గౌతమిలో నీరు తగ్గి ఇసుకతిన్నెలు లేచును. పంటుకును గట్టుకును నడుమ కారు ఇసుకలో నడువవలసి రావచ్చును. బరువైన సామానుతో, నునుపుతేలిన టైర్లతో అట్టి ఇసుకలో దిగుట మంచిది కాదు.

పండుగలను రెండువిధముల చూడవచ్చును. మాఘ శుద్ధ ఏకాదశి, అనగా భీష్మైకాదశి, దాని ముందు రాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణము, ఆ దినమున రథోత్సవము. ఉత్సవము చూడ వచ్చువారికి అంతకంటె భాగ్యము లేదు. కారుతో సుఖముగా నది దాట వచ్చువారికి అంతకంటె కష్టదినము లేదు, ఏలనన రెండు గట్టులయందును జనమే. కారును నరసాపురమున నిలిపి, ఒంటరిగా పంటు ఎక్కి పోవుట ఆనాడు వివేకము. అట్లే సంక్రాంతికి కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థము: పరిసర గ్రామములనుండి ఏకాదశరుద్రుల ప్రభలను భుజములపై మోసికొని, పైరుచేలు త్రొక్కి, కౌశిక దాటి తోటకు తెత్తురు. ఆ మధ్యాహ్నమున అంబాజీపేట ప్రాంతపు దారులు ప్రభలవే, కారులకు కావు.

ఇక రేవు సంగతి. మొదటిసారి వచ్చినవాడు తెలిసికొనవలసినదంతయు గట్టు వాలునుండి ఆరంభమగును. ఏటిగట్టు మీదనుండి దారి నీటివైపునకు వాలుగా దిగును; ఆ వాలుమీదనే వాహనములు వరుసగా నిలుచును. ముందు మోటారు సైకిళ్ళు, ఆ నడుమ పాలక్యానులు, చేపలబుట్టలు, కళాశాలకు పోవు పిల్లలు, పురుటికి పుట్టింటికి పోవు చిన్నది, ఆమె వెనుక సంచి మోయు తల్లి. పంటు అనగా ఇనుపదొన్నెపై పరచిన వెడల్పైన బల్లతట్టు. ఇంజను హోరుతో ఒడ్డునకు వచ్చి, కొంచెము ఒరసికొని నిలుచును. పనివాడొకడు మోకు లాగి కొయ్యకు చుట్టును. వేరొకడు ఎక్కుడు చెక్కలను చక్రముల యెడమునకు సరిచూచి పరచును. అప్పుడాతడు చేయి చూపించి, "అద్దం దించండి బాబూ, మీ వాళ్ళని దిగి నడిచి ఎక్కమనండి, మొదటి గేరులోనే రండి, మధ్యలో ఆపొద్దు" అనును. ఈ నాలుగు మాటలయందు రేవు శాస్త్రమంతయు నిమిడియున్నది. కారులో కూర్చున్నవారు దిగుట బరువు తగ్గుటకే కాదు. నీటిమీద ఏమైన జరిగినచో మూసిన తలుపుల వెనుక ఎవరును ఉండరాదని. అద్దములు దించుట అందులకే. మధ్యలో ఆపినచో చెక్క జారును. పైకెక్కినతరువాత హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులోనే యుంచి, ఇంజను ఆపి, తాను కూడ దిగి నిలుచుట నడుపువాని విధి. చక్రముల క్రింద దుంగలు పెట్టినారా లేదా యని కన్నులార చూచుకొనవలెను. పెట్టనియెడల పెట్టుమని మర్యాదగా అడుగవలెను.

రేవును నడపు హక్కు పాటలో పాడుకొన్నవారిది. అద్దె ఎంతయో ఎక్కకమునుపే తెలిసికొని, చిల్లర సిద్ధము చేసికొనుట ఉభయులకును సుఖము. ప్రాణరక్షక కవచముల విషయమున మాత్రము మొగమాటము పనికిరాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి అంతమంది చనిపోయిన గోదావరి ఇదియే. కవచమున్నయెడల తొడుగుకొనుడు, ముఖ్యముగా పిల్లలకు. లేనియెడల మీరు తెచ్చుకొనుడు. కారు డిక్కీలో నాలుగు కవచములకు చోటు లేకపోదు.

ఆవలి గట్టు దిగినవానికి అంతర్వేది ఎంతో దూరము లేదు. నేటి ఆలయము 1823లో కొపనాతి కృష్ణమ్మ యను పుణ్యపురుషుని పూనికతో పూర్తియైనది. 2020 సెప్టెంబరులో దగ్ధమైన రథమునకు బదులుగా నిర్మించిన క్రొత్త రథము మరుసటి సంవత్సరపు కల్యాణమునాటికే సిద్ధమైనది. ఆలయము దాటి అన్నాచెల్లెళ్ళ గట్టువరకు పోయినచో నదియు కడలియు కలియుచోటు కనబడును; ఒకవైపు నీరు మట్టిరంగు, వేరొకవైపు నీలము, నడుమ తెల్లని నురుగుగీత. అచ్చట నీటిలో దిగరాదు. మొగ వద్ద సుళ్ళు పైకి కానరావు.

ఆ సాయంకాలము రాజోలులోగాని అమలాపురములోగాని బస చేయుట మేలు. మరునాడు ఉదయము అయినవిల్లి విఘ్నేశ్వరుని చూచుకొని, ముక్తేశ్వరము రేవు చేరి, గౌతమిని దాటినచో కోటిపల్లి సోమేశ్వరుని గుడి ఎదుటనే. అచ్చటినుండి కాకినాడకు రైలుపట్టాలున్నవి; రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెరికివేసిన ఆ పట్టాలు 2004లో మరల వచ్చినవి. అవి నదిమీదుగా నరసాపురము వరకు సాగవలెనని పాయలలో స్తంభములు లేచినవి. ద్రాక్షారామమునకు కొంచెము దూరమే. శ్రీనాథుని భీమేశ్వర పురాణమును సంచిలో వేసికొని వచ్చినవాడు ఆ గుడిలో మధ్యాహ్నమంతయు గడపును. అట్టివాడు కాకినాడకు ప్రొద్దుగ్రుంకకమునుపు చేరుదునని ఎవరికిని మాట ఇయ్యరాదు. యానాము మీదుగా పోవువారు పెట్రోలు అచ్చట నింపించుకొనుట ఆ ప్రాంతపు ఆచారము. పుదుచ్చేరి పన్నులు వేరగుటచేత ధర తక్కువగా నుండుట కద్దు.

పాలకొల్లు క్షీరారామమును, అచ్చటి దిబ్బరొట్టెను, బందరు లడ్డును, నరసాపురపు లేసును వర్ణించుటకు ఈ వ్యాసమున చోటు లేదు. లేసు మాత్రము కొనదలచినవారు పంటు ఎక్కకమునుపే కొనుట మంచిది. ఆవలి గట్టున నుండి దానికొఱకు మరలి రావలెనన్న మరియొక పంటు పట్టవలెను.

వంతెన వచ్చినచో ఈ పంటు పోవునుగదా, వంతెన రాకుండుటే మేలని మా మిత్రులు కొందరందురు. ఆ మాట నాకు సమ్మతము కాదు. పంటు ఎక్కుట నాకెంత ప్రియమైనను, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన స్త్రీ సఖినేటిపల్లి గట్టున నిలిచి నరసాపురపు దీపములను చూచుచు పంటు కొఱకు నిరీక్షింపవలసివచ్చుట న్యాయము కాదు. వరదరోజులలో పరీక్షకు పోవలసిన పిల్లవాడు గంటల చుట్టుదారిన పోవుట న్యాయము కాదు. నరసాపురము వద్ద వంతెన కావలెనని ఆ రెండు గట్టుల ప్రజలు తరతరములుగా అడుగుచున్నారు, వారికది రావలెను. వచ్చునంతవరకు మాత్రము యాత్రికుడు ఆ రేవును తన విహారస్థలముగా కాక, వారి నిత్యావసర మార్గముగా గుర్తించి మెలగవలెను.

కావున పంటు ఎక్కబోవు చదువరులకు నా విన్నపమొకటి. రేవులో రోగిని తెచ్చు బండి వెనుక నిలిచినచో మీ కారును ప్రక్కకు తీసి దారి యియ్యుడు. పని వేళలయందు, అనగా ఉదయము ఎనిమిది తొమ్మిది గంటల నడుమను, సాయంకాలము బడి విడుచు వేళను, ఎక్కకుండుటకు మీ పట్టికను దిద్దుకొనుడు. బయలుదేరుటకు ముందునాడు నరసాపురమున తెలిసినవారికి ఫోను చేసి పంటు నడచుచున్నదా యని అడుగుడు. లేదన్నచో చించినాడ వంతెన మీదుగా పొండు.